నిజ్వా సంతకి ఎనిమిది గడుల మేక

మస్కట్ రువీ బస్టాండు నుంచి నిజ్వాకి మూడు గంటల ప్రయాణం. ఆ బస్సెక్కేవాళ్ళు కోట చూడటానికైనా వెళ్తారు, శుక్రవారం మేకల సంతకైనా వెళ్తారు. నేను మాత్రం టీవీలో పరిగెత్తే మేక ఒకదాన్ని ఒక పెద్దామె చేత ఒప్పించుకు రావడానికి వెళ్ళాను. తొంభైల మధ్యలో సంగతి. ఇలాంటి పని మీద ఇంకెవరూ వెళ్ళకపోవచ్చు గాని, బస్సు వేళలూ భోజనం సంగతులూ ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

మాది వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు. లైసెన్సు మా అర్బాబ్‌ది, అంటే యజమానిది. ఆయన నిజ్వాలో ఉంటాడు, నడిపేది మేము. ఎప్పుడో చవకగా వచ్చాయని ఆయన కొన్న పాతకాలం టీవీ గేమ్ పెట్టెలు మా గోడౌన్‌లో పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పెట్టెలు శుభ్రంగా పనిచేస్తాయి. వాటిలో పెట్టే కొత్త ఆటల క్యాసెట్లే రావడం మానేశాయి. ఉన్న నాలుగు ఆటలూ ఊరంతా ఆడి వదిలేసింది. ఇవన్నీ పాత సామానుకి తోసేసి అక్కడ డిష్ యాంటెన్నాల షాపు పెట్టిస్తానని అర్బాబ్ మొదలుపెట్టాడు. దానికి వేరే మనుషులొస్తారు. మా వీసాలు రద్దు చేయించి మమ్మల్ని ఏలూరు పంపించేస్తాడు.

"అయితే క్యాసెట్లు మనమే తయారుచేద్దాం," అన్నాను.

మా ఆయన పేపరు దించి చూశారు. "అవేమైనా వడియాలా?"

నిజానికి వడియాలకన్నా తేలిక. అమ్ముడుపోని పాత క్యాసెట్‌కి వెనక ఒక్క మర ఉంటుంది. అది విప్పి, లోపలి చిప్పు తీసేసి, మన ఆట రాసిన చిప్పు టంకం పెట్టి అతికించి మూసేయడమే. వడియాలకైతే ఎండ కోసం చూడాలి, కాకుల్ని తోలాలి. ఆట రాయడానికి నిజ్వాలో కంప్యూటర్ క్లాసులు చెప్పే కడప ఖాదర్ దొరికాడు. ఆట ఏమిటో నేను చెప్పాను. నిజ్వా సంతలో మేక తాడు తెంపుకుంటుంది, జనానికి తగలకుండా వెంటపడి పట్టుకోవాలి.

"మేకని పట్టుకోవడానికి డబ్బిచ్చి ఎవరు కొంటారు?" అన్నారు మా ఆయన.

"ఆకాశంలో రాళ్ళని కాల్చే ఆట కొన్నారుగా. రాయికన్నా మేక నయం. కనీసం దానికి ముఖం ఉంటుంది."

అర్బాబ్ ఒక షరతు పెట్టాడు. వాళ్ళమ్మ ఆడి బాగుందంటే షాపు ఇంకో ఏడాది ఉంటుంది. పిల్లల కోసం కొన్న పెట్టె మీద ఆవిడ పదేళ్ళుగా ఆడుతోందట. పెట్టె ఉండేది ఆడవాళ్ళ గదిలో. అక్కడికి మా ఆయన వెళ్ళడానికి లేదు. అందుకని నేను బయల్దేరాను.

గురువారం మధ్యాహ్నం రెండున్నర బస్సు. టికెట్ రియాలున్నర. ఎడమవైపు కూర్చోండి, కుడివైపు నిజ్వా దాకా ఎండే. చేతిసంచిలో ఖాళీ చేసిన క్యాసెట్ డొప్పలు, ఖాదర్ పంపిన గళ్ళ కాగితం. ఆ పెట్టెలో ఏ బొమ్మైనా ఎనిమిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తులో చుక్కలతో నింపాల్సిందే. చుక్కల ముగ్గు వేసినవాళ్ళెవరైనా చదవగలరు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే, పక్క వరసలో కూర్చున్నాయన మెడ చాచాడు. పేరు లింగయ్య, నిజామాబాద్ వైపు మేస్త్రీ, సెలవు మీద ఊరెళ్ళొచ్చి మళ్ళీ సైట్‌కి పోతున్నాడు.

"గిదేందమ్మా, కుర్చీనా?"

"మేక."

కాగితం తీసుకుని తిరగేసి చూశాడు. "నాకైతే కుర్చీ లెక్కనే కొడ్తున్నది."

"కొమ్ములు కనిపించడం లేదా?"

"అవి కొమ్ములా? కుర్చీకి ఆనుకునే పట్టీలనుకున్న."

ఫంజా దగ్గర మొదలైన వాదన సమాయిల్ దాటినా తెగలేదు. చివరికి ఆయన కాగితం తిరిగిచ్చేశాడు. "సరే తియ్యమ్మా, మీరు మేకనంటే మేకనే. డ్యూటీల మా ఫోర్మన్ గూడ గిట్లనే అంటడు, మేం ఊ అంటం." ఓడిపోయినా బాగుండేది. ఇలా గెలిచినందుకు ఇజ్కీ దాకా ఆ కొమ్ముల్నే తిప్పి తిప్పి చూసుకున్నాను.

అయిదున్నరకి నిజ్వా. ఖాదర్ కారు తెచ్చాడు. బస వాళ్ళింట్లోనే. అతని భార్య నూర్జహాన్ కోడికూర, రాగిసంగటి చేసింది. ఆ ఎండు కొండల మధ్య రాగిపిండి ఎక్కడ సంపాదించిందో ఎంత అడిగినా చెప్పలేదు. ఖాదర్ తిన్నంతసేపూ తన గొప్పే చెప్పాడు.

"రెండు ఇన్లాండ్ కవర్లలో రాస్తే పట్టేంత చోటక్కా ఆ చిప్పులో. దాంట్లో సంత, జనం, మేక, పరుగు, అన్నీ కూర్చినా. ఇట్లా చేసేటోడు గల్ఫ్ మొత్తంలో ఇంకోడు లేడు."

"ఎందుకుంటాడు? పనున్నోళ్ళకి తీరిక యాడుంటాది," అంది నూర్జహాన్ సంగటి వడ్డిస్తూ.

దుబాయ్ నుంచి తెప్పించిన నాలుగు చిప్పుల్లో మూడింటిని ఆ గొప్పవాడు టంకం పెడుతూ కాల్చేశాడు. మిగిలిన ఒక్కదాన్నీ నేను తెచ్చిన డొప్పలో బిగించి, టీవీకి పెట్టి చూపించాడు. మేక పరిగెత్తింది. నూర్జహాన్ మూడుసార్లు పట్టుకుంది. నేను సంతలో జనాన్నంతా గుద్దేశాను.

శుక్రవారం పొద్దున్న ఏడింటికే సంత నిండిపోయింది. టికెట్ లేదు. అమ్మేవాళ్ళు మేకల్ని తాడుతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటారు. కొనేవాళ్ళు ఆపి నడుం నొక్కుతారు, పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు, నచ్చకపోతే చెయ్యి దులుపుకుంటారు. ఆడవాళ్ళకీ అడ్డు లేదు. ముసుగేసుకున్న ముసలమ్మలు నాకన్నా గట్టిగా బేరమాడుతున్నారు. అరగంట చూస్తే చాలు, ఆ తర్వాత వాసన మిగులుతుంది.

తొమ్మిదింటికి అర్బాబ్ ఇల్లు. ఖాదర్‌ని మగవాళ్ళ హాల్లో కూర్చోబెట్టి కాఫీ, ఖర్జూరాలు ఇచ్చారు. నన్ను లోపలికి తీసుకెళ్ళారు. పెద్దామె తివాచీ మీద కాళ్ళు చాపుకుని, ఆట పుల్ల, అదే జాయ్‌స్టిక్, మోకాలి మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. క్యాసెట్ నా చేతిలోంచి లాక్కుని, దాని నోట్లోకి రెండుసార్లు ఊది, పెట్టెలో దిగ్గొట్టింది. నేను ఆవిడ కోడలి పక్కన కూర్చున్నాను. హిందీ సినిమాల పుణ్యమా అని ఆ అమ్మాయికి హిందీ వచ్చు.

మేక కనిపించింది. పెద్దామె రెండు మలుపుల్లో దాన్ని పట్టేసింది. పుల్ల పక్కన పడేసి ఏదో అంది.

"యే బీమార్ హై," అంది కోడలు.

"ఎవరికి జబ్బు?"

"మేకకి. తోక వేలేసింది చూడండి. ఒంట్లో బాగాలేని మేకే అలా వేలేస్తుంది. బాగున్న మేక తోక నిలబెడుతుంది."

ఊరుకోవచ్చు. ఊరుకోవడం నాకు చేతకాదు. "మా దేశంలో మేకలన్నీ ఇలాగే ఉంటాయి," అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. పొద్దున్న సంతలో అన్ని మేకల్ని చూశాను గాని వెనకవైపు చూడాలని తోచలేదు.

కోడలు చెప్పింది విని పెద్దామె నా చెయ్యి పట్టుకుని నిమిరింది. మీ దేశంలో మేకలన్నిటికీ జబ్బు చేసిందా, పాపం, అందట. అని మా మేకని బయటికి లాగేసి, పాత రాళ్ళ ఆట పెట్టుకుంది.

హాలు తలుపుకున్న పరదా దగ్గరికి వెళ్ళి ఖాదర్‌ని పిలిచి చెప్పాను.

"నేను చేసిన మేకను జబ్బుదనేదానికి ఆయమ్మ ఏమన్నా డాక్టరా అక్కా?" అన్నాడు తెలుగులో, మర్యాదగా నవ్వుతూ, అవతల అర్బాబ్ కూర్చున్నాడని.

లోపల వాళ్ళమ్మ అన్న మాటలన్నీ అర్బాబ్‌కి వినిపించాయి. యాంటెన్నా కంపెనీ మనిషి రేపు వస్తున్నాడని హిందీలో చెప్పాడు. సాయంత్రం వరకు ఆగమన్నాను. వాళ్ళమ్మ మూడున్నరకి అసర్ నమాజు కాగానే చుట్టాలింటికి వెళ్తుంది, ఆలోపు బాగుచేసి తెస్తే చూస్తుంది అన్నాడు.

తిరిగొచ్చి ఖాదర్ క్యాసెట్ విప్పాడు. "తోక పైకి లేపు," అన్నాను.

"లేపలేనక్కా. ఈ చిప్పులో వెలిగే చుక్కను ఆర్పొచ్చు, ఆరిందాన్ని వెలిగించలేం. వెలిగించాలంటే మొత్తం చెరిపి మళ్ళీ రాయాల. చెరిపేదానికి ప్రత్యేకంగా ఒక లైటుంటాది, అది పోయిన వారం కాలిపాయ. ఎండలో పెడితే వారం పడతాది."

"మరేం చేయగలవు?"

"తోక కోసేస్తా."

"తోక లేని మేకని చూస్తే ఆవిడ మనల్ని పోలీసులకి పట్టిస్తుంది."

నూర్జహాన్ అన్నం పెట్టింది. తినకుండా గళ్ళ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. కలపడానికి వీల్లేదు, తీయడానికే వీలుంది. గుడ్డ చాలని జాకెట్టు ఎన్నిసార్లు కుట్టలేదు? మెడ పైకి లేపలేకపోతే భుజాలు దించుతాం. మేక వీపు మూడు వరసల మందం ఉంది. పై వరసలో మధ్య చుక్కలు తీసేసి, వెనక చివర ఒక్క చుక్క ఉంచితే, ఆ ఒక్కటీ నిలబడి కనిపిస్తుంది. వేలాడేదాన్ని ఎలాగూ కోసేస్తాం.

"వీపు దించు. తోక దానంతటదే లేస్తుంది," అని కాగితం మీద అయిదు చుక్కలు కొట్టేసి చూపించాను.

ఖాదర్ కాగితం మీదికి వంగాడు. "నేనూ అదే చెప్పబోతాండా అక్కా."

"చెప్పబోతున్నావా, అన్నం కలుపుకుంటున్నావా?" అంది నూర్జహాన్. ఆ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టింది.

చిప్పు ఊడదీసి, అయిదు చుక్కలు ఆర్పి, మళ్ళీ అతికించేటప్పుడు ఖాదర్ మొదటిసారి నోరు మూసుకున్నాడు. ఇది కాలితే ఇంకోటి లేదు. కాలలేదు.

మేం వెళ్ళేసరికి పెద్దామె ప్రయాణానికి తయారై నిలబడి ఉంది. ఒక్క నిమిషం అని బతిమాలాను. నిలబడే పుల్ల అందుకుంది. మేక వచ్చింది. తోక నిటారుగా ఉంది. ఆవిడ టీవీ దగ్గరికి వంగి చూసి ఏదో అంది.

"బక్కగా ఉందంటోంది," అంది కోడలు.

"జ్వరం వచ్చి తగ్గింది మరి," అన్నాను.

అది విని పెద్దామె తలూపింది. అది ఆవిడకి సబబుగా తోచింది. కూర్చుంది. మొదటి మేక, రెండో మేక, తొమ్మిదో మేక. ఖర్జూరాల గిన్నె పక్కకి జరిగింది. పరదా అవతలి నుంచి అర్బాబ్ కారు సిద్ధమని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు ఆవిడ వెనక్కి తిరగకుండానే ఒక మాట అంది. కోడలు తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చుట్టాలు ఎక్కడికీ పోరు, మేక పోతుంది అందట.

బస్సు వేళయింది. క్యాసెట్ కోసం చెయ్యి చాపాను. పెద్దామె పెట్టె మీద చెయ్యి వేసి ఆనించి కూర్చుంది. కోడలు వద్దన్నట్టు నాకు సైగ చేసింది. బయట అర్బాబ్ మొహం చూస్తే చుట్టాలకి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టుంది. "సరే, ఏడాది," అన్నాడు. "కానీ తరవాతి ఆటలో జంతువేదైనా ఉంటే ముందు కాగితం మీద అమ్మకి చూపించండి."

ఆరింటి బస్సు, అదే రియాలున్నర. నిజ్వా చుట్టుపక్కల చాలా చూడొచ్చు, కోట కూడా బాగుంటుందట. నేను చెప్పగలిగేది అక్కడి బేరం గురించే. ముఖం మీదే వంక పెడతారు, దిద్దుకొస్తే మాట మీద నిలబడతారు. రువీలో అంత న్యాయం నేనెప్పుడూ చూడలేదు. కొత్త చిప్పులొచ్చేదాకా షాపులో అమ్మడానికి ఒక్క క్యాసెట్ కూడా లేదన్న సంగతి మా ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచిస్తుంటే, పక్క సీటులో మాంసం మూటతో కూర్చున్న తెలుగు టీచరమ్మ పలకరించింది.

"సంతకొచ్చారా అండీ? మేక కొన్నారా?"

"లేదండీ. అమ్మాను."

ఆవిడ నా పట్టుచీర వైపు, చేతిసంచి వైపు చూసింది. "సొంత మేకా?"

"సొంతమే. ఒక్కటే ఉండేది."