ఇప్పపూల గుట్టల్లో అన్న సైకిల్

జగిత్యాల నుంచి ఉట్నూరు గుట్టలకు సైకిల్ మీద పోవాలని సరదాకు ఎవరూ అనుకోరు. బుద్ధి ఉన్నవాడు రాయపట్నం రేవు దాకా బస్సులో పోతాడు, ఆపైన పని లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు. నాకు పని ఉంది. మా అన్న రాజేశం దసరా వెళ్ళిన వారానికి సైకిల్ మీద చీరల మూట కట్టుకుని ఆ గుట్టల్లోకి పోయాడు. ఉగాది దాటింది, ఇంకా తిరిగి రాలేదు.

ఇంట్లో నేనూ వదినా నేసేవాళ్ళం, అన్న గోండు గూడేలు తిరిగి అమ్మేవాడు. ఏటా చలి తగ్గకముందే వచ్చేవాడు. ఈసారి రాకపోయేసరికి వాడలో నోళ్ళు ఊరుకుంటాయా? పులి ఎత్తుకుపోయిందని ఒకరు, అక్కడే ఎవతెనో చేసుకున్నాడని ఇంకొకరు. మా వదిన లక్ష్మి తల్లిగారింటి వాళ్ళు వచ్చి, ఆశ వదులుకొమ్మని, గాజులు తీసెయ్యమని రెండు రోజులు పోరుపెట్టారు. "చూసినోడు ఒక్కడన్న వచ్చి చెప్పనీ, అప్పుడు తీస్త" అని వాళ్ళను పంపేసింది.

నేను బయలుదేరే రోజు తెల్లవారుజామున జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి క్యారియర్‌కు తనే బిగించింది.

"ఉంటే తోల్కరా నర్సిం. లేకుంటే లేడని చెప్పు. నడుమ మాట మాత్రం నాకు చెప్పకు" అంది.

నడుమ మాటలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆమెకు తెలుసు. చెడ్డ కబురు చెప్పవలసి వస్తే నేను ఊరు చుట్టూ తిరిగి వచ్చే రకం.

ఎండ ఎక్కకముందే ధర్మపురి దాటి రాయపట్నం రేవుకు చేరాను. గోదావరి సన్నబడి ఉంది. పడవవాడు సైకిల్ను అడ్డంగా పడుకోబెట్టించి, నన్ను దాని మీద చెయ్యి వేసి కూర్చోమన్నాడు. అవతలి ఒడ్డున ఇసుకలో అర ఫర్లాంగు సైకిల్ను భుజం మీద మోయాలి. ఈ దారిన పోయేవాళ్ళు చెప్పులు విప్పుకోకండి, ఆ ఇసుక కాలుతుంది.

లక్షెట్టిపేటలో చాయ్ తాగాను. హోటల్ ఆయన నా ముఖం ఒకటికి రెండుసార్లు చూసి, "నువ్వు చీరల రాజేశం తమ్మునివా? గదే ముక్కు, గదే నొసలు" అన్నాడు. అవునన్నాను. "పోయేటప్పుడు ఈడనే తిన్నడు. వచ్చేటప్పుడు ఆగలేదేందా అనుకున్న" అన్నాడు. నేను మాట మార్చి, జన్నారం రోడ్డు ఎట్లా ఉందని అడిగాను. "రోడ్డు యాడిది తమ్మీ, కంకర ఉన్నది" అన్నాడు.

నిజమే. నైజాం నాడు పోసిన కంకర, రాష్ట్రాలు మారినా అది మారలేదు. బండ్ల చక్రాలు రెండు గాడులు తీశాయి, నడుమ గుట్టలాగా రాళ్ళు తేలాయి. గాడిలో పోతే మొరంలో చక్రం కూరుకుపోతుంది, నడుమ పోతే పళ్ళు కదులుతాయి. జన్నారం చేరేసరికి పొద్దు గూకింది. రెండు పంక్చర్లు వేశాను. అడవిశాఖ వాళ్ళ జంగ్లాత్ నాకా వరండాలో పడుకోనిచ్చారు.

మర్నాడు అడవి. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు సైకిల్ మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి. టేకు ఆకులన్నీ రాలిపోయి గుట్టలు గుండు చేయించుకున్నట్టు ఉన్నాయి. పచ్చగా కనిపించేవి ఎక్కడో ఒక వాగు దగ్గరి చెట్లే. ఇప్పచెట్లకు మాత్రం ఆకు లేకపోయినా పువ్వుంది. వాటి కింద నేల కాల్చి ఊడ్చి పెట్టారు. లేత పసుపు పూలు రాలుతుంటే ఆడవాళ్ళు గంపల్లో ఏరుతున్నారు. ఆ దారంతా పులిసిన తీపి వాసన. అందరూ దాన్ని మత్తుగా ఉందంటారు, నాకు మాత్రం పడలేదు. ఒకామె నా చెమట చూసి దోసెడు పూలు ఇచ్చింది. పక్క చెట్టు కింద పడినవి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఏ చెట్టు ఏ ఇంటిదో అక్కడ అందరికీ తెలుసట, ఇంకొకరి చెట్టు పువ్వు ముట్టరట.

ఉట్నూరులో రాత్రికి బడి వరండా. మూడో రోజు పది గంటలకు జైనూరు అంగడి. ఉప్పు, మిరపకాయలు, పూసల దుకాణాల నడుమ కనబడ్డవాణ్ణల్లా అడిగాను. చివరికి బెల్లం అమ్మే ముసలాయన చెప్పాడు: "ఎర్ర కుచ్చుల సైకిలే గదా? గా గుట్ట ఎనుక గూడెంల జూసిన. లచ్చు పట్లా ఊరు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హ్యాండిల్‌కు ఎర్ర కుచ్చులు కట్టుకునేవాడు మా అన్న ఒక్కడే. సైకిల్ ఉన్నచోట మనిషి ఉండడా! ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటే మాత్రం వీపు పగలగొట్టి తీసుకుపోదామనుకున్నాను. కాలిబాటలో సైకిల్ను నెడుతూ ఆ తిట్లన్నీ వరుసగా నేర్చుకున్నాను.

గూడెం చిన్నది. ఇళ్ళ ముందు అలికిన నేల మీద ఇప్పపూలు ఆరబోశారు. లచ్చు పట్లా అంటే ఆ ఊరి పెద్ద. తెల్ల తలపాగా, సన్నటి మనిషి. తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడతాడు. రాజేశం తమ్ముణ్ణని చెప్పగానే లోపలికి పోయాడు. మంచం వేశారు. మోదుగాకు దొప్పలో ఇప్పసారా తెచ్చి, ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసి, ఏదో గొణిగి, దొప్ప నా చేతికిచ్చాడు. చుట్టూ నలుగురు మగవాళ్ళు వచ్చి అట్లాగే నేల మీద పోసి తాగారు. మర్యాద అనుకున్నాను. చుట్టానికి మర్యాద చేస్తున్నారంటే అన్న ఇక్కడ బాగానే బతుకుతున్నాడని సంతోషపడి గటగటా తాగేశాను.

"మా అన్న ఏడి దాదా? చేనుకు వోయిండా?" అని నవ్వుతూ అడిగాను.

ఒక్కరూ నవ్వలేదు. చనిపోయినవాని పేరు ఎత్తేముందు వాని వాటా వానికి పోస్తారట. నాకెట్లా తెలుస్తుంది? పట్లా లేచి, రమ్మని తల ఊపాడు.

ఊరి బయట రాళ్ళ కుప్ప. దాని మీద అన్న సైకిల్ పడుకోబెట్టి ఉంది. కుచ్చులు ఎండకు తెల్లబడ్డాయి.

"చలి దినాలల్ల జరం వచ్చింది. మందు పెట్టినం, మొక్కినం, మా అవ్వ పక్కనే కూసున్నది. దిగలే" అన్నాడు పట్లా. "అంగడిల షావుకారికి చెప్పినం, మీ ఊరికి కబురు జెయ్యమని. చేస్తనన్నడు."

ఆ షావుకారు ఎవడో, ఎందుకు చెప్పలేదో నాకు ఈనాటికీ తెలియదు. వానికి అది ఒక మాట. మాకు అయిదు నెలలు. నేను రాళ్ళ మీద పడి ఏడ్చాను. తాగిన సారా అంతా కక్కుకున్నాను.

కాస్త తేరుకున్నాక సైకిల్ను ఎత్తబోయాను. పట్లా నా చెయ్యి పట్టుకున్నాడు. "గది ఆయనది. ఆయనకు పెట్టినం. తియ్యద్దు."

"ఉత్త చేతులతోటి పోతే మా వదిన నమ్మది దాదా. నేను చెప్పినా నమ్మది."

అతను చాలాసేపు ఊళ్ళోవాళ్ళతో గోండిలో మాట్లాడాడు. గొంతులు లేచాయి, తగ్గాయి. చివరికి నాతో అన్నాడు: "ఉత్తగ తియ్యరాదు. బదులు పెట్టి తీస్కో. ఆయన నడిచిపోవుడు మంచిగుండదు."

నా సైకిల్ను ఆ రాళ్ళ మీద పడుకోబెట్టాను. నా ట్యూబులు అన్న చక్రాలకు ఎక్కించాను. తుప్పు పట్టిన చైనుకు పట్లా ఇప్పనూనె రాశాడు. అన్న నాకంటే పొడుగు. సీటు కిందికి దించుదామంటే బోల్టు బిగుసుకుపోయింది. వచ్చిన దారంతా కాలి మునివేళ్ళతోనే తొక్కాను.

పోయేటప్పుడు ఆ రోడ్డు కష్టమన్నానా? తిరుగు దారి ముందు అది ఏపాటి! ఆ కుచ్చులు దూరం నుంచే గుర్తుపట్టి గూడేల్లో ఆడవాళ్ళు చీరల కోసం పరుగెత్తుకొచ్చేవారు. దగ్గరికొచ్చి నా ముఖం చూసి ఆగిపోయేవారు. లక్షెట్టిపేట హోటల్ ఆయన లోపలి నుంచే "రా రాజేశం, గిన్ని దినాలాయె!" అని కేకేశాడు. బయటికొచ్చి నన్ను చూశాడు. "అన్న ఏడి?" అన్నాడు. "ఎనుక వస్తుండు" అన్నాను. నోటికి అదే వచ్చింది. ఆయన రెండు చాయ్‌లు పోసి పెట్టాడు. నేను ఒకటి తాగి, రెండోదాని వైపు చూడకుండా లేచాను.

ఆ పూటే నాకు భయం వేసింది. హోటల్ ఆయనకే చెప్పలేనివాణ్ణి, వదిన ముఖం చూసి ఏం చెప్తాను? సైకిల్ దొరికింది, మనిషి దొరకలేదంటాను. అది నడుమ మాట. దాంతో ఆమె ఇంకో ఇరవై ఏళ్ళు గుమ్మంలో కూర్చుంటుంది.

ధర్మపురిలో గోదావరి గట్టున మంగలి ముందు కూర్చున్నాను.

"మొక్కా?" అని అడిగాడు.

"కాదు. అన్నకు."

అతను నీళ్ళు చల్లి నా తల వంచాడు. గుండు చేయించుకుని, నదిలో మునిగి, అయ్యగారు చెప్పినట్టు పిండం పెట్టాను. నా నోరు అబద్ధమాడినా ఇక నా తల ఆడలేదు.

ఈ దారి వెంట పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: కంకరకు పంపు, పంక్చర్ల సామాను ఉంచుకోండి. గుట్టల్లో నీళ్ళు దొరుకుతాయి, అన్నం దొరుకుతుంది, పడుకోవడానికి చోటు దొరుకుతుంది, అక్కడి మనుషులు మంచివాళ్ళు. ఇప్పపూలు రాలే నెలలో అడవి అందంగా ఉంటుందని అంటారు. ఉండవచ్చు. నాకు మళ్ళీ చూడాలని లేదు.

మా వాడకు పన్నెండు గంటలకు చేరాను. ఎండకు వీధిలో ఎవరూ లేరు. ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడు. వదిన నూలు కండెలు ఆరేయడానికి అరుగు మీదికి వచ్చింది. ముందు సైకిల్ను చూసింది. చేతిలోవి కింద పడేసి రెండు మెట్లు దిగింది. అప్పుడు నా తల చూసింది.

నేను సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. ఆమె రెండో మెట్టు మీదే కూర్చుండిపోయింది. అక్కడి నుంచే అడిగింది:

"ఆఖరుకు నోట్ల నీళ్ళు ఎవరన్న పోసిన్రా నర్సిం?"

"పోసిన్రు వదినా. పట్లా వాళ్ళ అవ్వ తల ఒళ్ళె వెట్టుకొని పోసిందట. రెండు గుక్కలు తాగి, 'చాలవ్వా' అన్నడట."

"చాలన్నడా" అంది వదిన.

తర్వాత ఏడ్చింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగింది. కొంచెంసేపటికి మా వాడలో ఒక్క మగ్గమూ ఆడలేదు.