అటక మీది జంఖానా

రావల్‌కోల్‌లోని మా ఇంటి పెంకులు తొంభైలలో ఒక్కొక్కటే పగిలిపోతే, బాపు వాటిని తీయించి ఇనుప రేకులు వేయించాడు. పెంకుల స్థోమత పోయిందని ఎవరితోనూ అనలేదు. రేకుల కింద, చెక్క అటక మీద, ఒకప్పుడు ధాన్యపు బస్తాలుండేవి. మిగిలింది తాత నాటి ఎర్ర జంఖానా ఒక్కటే. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా పెళ్ళికొడుకు దాని మీదే కూర్చోవాలి. పొలాలు పోయాక, ఊరు మమ్మల్ని అడగవలసింది అదొక్కటే.

అటక గోడలకు రెండు వైపులా గాలి కంతలుండేవి. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన ఆయన మేడ్చల్ రోడ్డు పక్కనున్న తన భూమి అమ్మి, మా పక్కనే రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆ మిద్దె మీద నిలబడితే కంతల్లోంచి మా అటక లోపల కనిపించేది.

"మన ఖాళీ అటక ఆళ్ళకు తమాషానా?" అని బాపు కంతలకు ఇటుకలు పెట్టించాడు.

"గాలాడే తోవ మూస్తివి. పొయ్యి ఆవిరంత యాడికి పోవాల్రా?" అంది అవ్వ.

"పోకుంటే ఈడనే ఉంటది. మనం ఉంటలేమా?"

వంట పొయ్యి, స్నానాల నీళ్ళ కాగు ఆ అటక కిందే. చలికాలం తెల్లవారేసరికి రేకులు చల్లబడి, ఆవిరి వాటి లోపలి వైపు చెమటలా పట్టేది. ఎండ తగలగానే అటక మీదికి చుక్కలు రాలేవి. రేకులు కారుతున్నాయనుకొని బాపు మేకుల చుట్టూ తారు పూయించాడు. వాన లేకుండా కారడమేమిటని ఎవరూ అనలేదు. మా ఇంట్లో అలా అడిగే అలవాటు లేదు.

ఆ మాఘంలో పక్కింటాయనే వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"పటేలా, బిడ్డ పెండ్లి. జంఖానా ఇస్తరని వచ్చిన."

"టెంటుహౌసులు మస్తు వచ్చినయి గదరా, మాదెందుకు?" అన్నాడు బాపు. మొహం మాత్రం వెలిగింది.

"నా పెండ్లికి గుడ దాని మీదనే కూసున్న. ఇప్పుడు వేరేది ఏస్తే మా ఇంటిది ఊకుంటదా?"

దింపి వాకిట్లో విప్పాం. ముక్కవాసన. లోపలంతా తెల్లటి బూజు. నూలు చివికి, పట్టుకున్నచోటల్లా చేతికి ఊడివచ్చింది.

"ఎండల ఏస్తే సాఫైతది, పటేలా," అన్నాడతను. అవదని అతనికీ తెలుసు.

"పెండ్లికి చినిగింది ఇయ్యం. టెంటుహౌసుల దెచ్చుకో."

అతను వెళ్ళాక బాపు తానే నిచ్చెనెక్కి గడ్డపారతో ఇటుకలు పొడిచాడు. పక్క మిద్దె మీద పందిరి కట్టేవాళ్ళు పని ఆపి, తెరుచుకున్న కంతలోంచి లోపలికి చూశారు. ఆయన వాళ్ళవైపు తిరగలేదు.

పెళ్ళినాడు టెంటుహౌసు ఆకుపచ్చ తివాచీ పరిచారు. మాకు ముందువరుసలో కుర్చీలు వేశారు. జంఖానా ఇవ్వలేని ఇంటికి ఆ మర్యాద ఎందుకన్నట్టు, తలంబ్రాలు అయ్యేదాకా బాపు కూర్చోలేదు. ఆయన పక్కన నేనూ నిలబడే ఉన్నాను.