నల్లాకి చెప్పిన కల

మా షాపు ముందు పీకో మిషను వేసుకొని కూర్చునే వెంకటరత్నమ్మ గురించి ఎవరూ రాయరు. ఎమ్మెల్యేల గురించి రాయడానికే పేపర్లలో చోటు చాలడం లేదు. అందుకని నేనే రాస్తున్నాను. నా పేరు బెత్సీ. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మాది మ్యాచింగ్ సెంటరు. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, లంగా తీసిస్తాం. నాకు నోరు ఎక్కువని మా ఆయన ఆనంద్ పాల్ అంటాడు. ఆయనకి అసలు నోరే లేదు, కాబట్టి ఇద్దరికీ కలిపి సరిపోయింది.

రత్నమ్మక్క వాళ్ల నాన్న యాభై ఆరులో తెనాలి నుంచి గుమాస్తాగా వచ్చి నాంపల్లిలో కిరాయికి దిగాడు. అక్క అక్కడే పుట్టింది. ఇంట్లో తెనాలి మాట, వీధిలో హైదరాబాదు మాట, రెండూ కలిసి ఆమెకి తనదంటూ ఒక భాష తయారైంది. పెళ్లయిన పదకొండేళ్లకి ఒక్కతే ఆడపిల్ల పుట్టింది, సంహిత. పిల్ల మూడో తరగతిలో ఉండగా భర్త కామెర్లతో పోయాడు. ఆ మరుసటి నెలే అక్క మా షాపుకొచ్చి, "మీ మెట్టు పక్కన మిషను వేసుకుంటానమ్మా, మీ గిరాకీకి అడ్డం రాను" అంది. పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు నా గిరాకీలో సగం ఆమె కోసం వచ్చేదే. ఆమె ఫాల్ కుట్టిన చీర కుచ్చిళ్లు చెప్పిన మాట వింటాయి.

అక్కకి వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. పొద్దున లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, నల్లా తిప్పి వచ్చిన కలని నీళ్లకి చెప్పేయాలి. చెడ్డ కల మనిషికి చెబితే నిజమవుతుందట, నీళ్లకి చెబితే కొట్టుకుపోతుందట. మంచి కల మనిషికి చెబితే ఫలించదట. అంటే ఎటు తిరిగీ మనిషికి చెప్పకూడదు. మా ఇళ్లల్లో ఇలాంటివి లేవు. ప్రార్థన చేసుకొని పడుకుంటాం, లేచి మళ్లీ ప్రార్థన చేసుకుంటాం. "మీ గల్లీల మోరీ ఎందుకు పొంగుతదో గిప్పుడు సమజైందక్కా, అన్నీ నీ కలలే" అని ఏడిపించేదాన్ని. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

రెండేళ్ల కిందట, ఆగస్టులో ఒక గురువారం. వాళ్ల గల్లీకి రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లొస్తాయి. అది నీళ్లొచ్చే రోజు. అక్క డ్రమ్ము నింపుకుంటూ ఉంది. సంహిత నిద్ర కళ్లతో వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, నాకో కలొచ్చింది."

"మంచిదా, చెడ్డదా?"

"ఏమో, నాకే తెలుస్తలేదు. నువ్వు విను, చెప్తా."

డ్రమ్ము సగమే నిండింది. నీళ్లు ఏ క్షణాన ఆగిపోతాయో తెలియదు. "నాకొద్దు. తెల్లవారుజాము కలలు నిజమవుతాయి. పో, నల్లాకి చెప్పుకో" అంది అక్క.

పిల్ల నవ్వింది. పైపు పక్కకి తీసి, నల్లా ముందు గొంతుక్కూర్చుని చెప్పింది. చాలాసేపే చెప్పిందట. పెదాలు కదలడం అక్క చూసింది, నీళ్ల చప్పుడులో ఒక్క ముక్క వినబడలేదు. ఎనిమిదిన్నరకి పిల్ల కాలేజీకి బయల్దేరింది. నాంపల్లి స్టేషన్ ఎదురుగా రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. దవాఖానకి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. ఇరవై ఏళ్లు.

బిడ్డ పోయిన తల్లి దుఃఖం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ అక్క దుఃఖంలో ఒక ముల్లు విరిగి ఉండిపోయింది. ఆ కల ఏమిటి? అది చెడ్డ కలే అయితే, తను విని ఉంటే, ఆ రోజు పిల్లని గడప దాటనిచ్చేది కాదు. మంచి కలే అయితే తను వినకపోయినా జరిగిన తప్పేమీ లేదు. ఈ రెండింటి మధ్య ఆమె ఏడాదిపాటు నలిగిపోయింది. పక్కింటివాళ్లని అడిగింది. ఆ పొద్దున సంహిత ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడిందేమోనని కాలేజీకి పోయి అందరినీ అడిగింది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ కల తెలిసింది ఒక్క నీళ్లకే.

అప్పుడొచ్చింది దివ్యశ్రీ. సంహితకి చిన్నప్పటి స్నేహితురాలు, ఇప్పుడు సైకాలజీ చదువుతోంది. ఫేర్‌వెల్ చీరకి ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి, అక్కని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఆంటీ, సంహిత మీ కల్లోకి వస్తుందా?"

"నాకు కలలే రావట్లేదమ్మా."

"అందరికీ వస్తాయాంటీ. మీరు మర్చిపోతున్నారు, అంతే. రాసుకుంటే గుర్తుంటాయి. ఇంకొంచెం సాధన చేస్తే, కలలో ఉండగానే ఇది కల అని తెలిసిపోతుంది. అప్పుడు మీరు అనుకున్నది చేయొచ్చు, కలలో కనిపించిన మనిషిని ఏమన్నా అడగొచ్చు."

అక్క చేతిలోంచి చీర జారింది. నాకు ఒళ్లు మండింది. దివ్యశ్రీ అటు పోగానే అడ్డం పడ్డాను. "ఏందక్కా ఇది? పోయిన పిల్లను కలల అడుగుడేంది? ఉన్న మతి గూడ పోతది."

"ఉన్న మతితో నేనేం చేసుకుంటున్నాను బెత్సీ?" అంది.

ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర నేనే ఒక వాడని డైరీ ఏరి తెచ్చిచ్చాను. తిట్టేదీ నేనే, తెచ్చేదీ నేనే. దివ్యశ్రీ చెప్పిన పద్ధతి ఇది: మెలకువ రాగానే కదలకూడదు, కళ్లు తెరవకూడదు. కల తోక ఎక్కడుందో పట్టుకొని వెనక్కి లాక్కోవాలి. తర్వాత లేచి రాయాలి. రాశాక మాత్రమే మంచం దిగాలి. అక్కకి అదే కష్టమైంది. యాభై ఏళ్లుగా లేస్తూనే కాళ్లు నల్లా వైపు నడిచిన మనిషి. పారబోయడమే తెలుసు, దాచుకోవడం తెలియదు.

మొదటి పందొమ్మిది రోజులూ డైరీలో ఒకే మాట, "ఏమీ లేదు." ఇరవయ్యో రోజు, "ఏదో పచ్చగా." ఆ తర్వాత, "మూత లేని నూనె సీసా." అది నాకు చూపించినప్పుడు ఆమె మొహం పదో తరగతి పాసైనట్టుంది. రెండు నెలలు గడిచేసరికి పేజీలు నిండాయి. వాళ్ల నాన్న వచ్చాడు, భర్త వచ్చాడు, నేను కూడా వచ్చానట, వచ్చి తిట్టానట. సంహిత కూడా వచ్చింది, నాలుగుసార్లు. కానీ కలలో అక్కకి అది కల అని తెలియదు. పిల్ల ఇంట్లోనే ఉంది కదా అని వంట చేసుకుంటూ ఉండిపోయేది. పోయిందన్న సంగతి లేచాక గుర్తొచ్చేది. వచ్చిన ప్రతిసారీ కొత్తగా బిడ్డ పోయినట్టు ఏడ్చేది.

"ఇంక చాలక్కా, బంజెయ్" అన్నాను. వినలేదు.

కల అని గుర్తుపట్టడానికి పగలు చాలాసార్లు "ఇది కలా, నిజమా" అని పరీక్షించుకోవాలట. చేతులు చూసుకోమంది దివ్యశ్రీ, గడియారం రెండుసార్లు చూడమంది. అక్కకి అవి కుదరలేదు. ఆమె తన పరీక్ష తానే కనిపెట్టింది. సూదిలో దారం. కళ్లజోడు పెట్టుకున్నా సరే, దారం కొస తడిపి, నలిపి, మూడోసారో నాలుగోసారో గాని బెజ్జంలోకి ఎక్కదు. ఎక్కనప్పుడల్లా ఆగి, "నిజమే" అని పైకే అనేది. రోజుకి నలభైసార్లు. చీరలిచ్చేవాళ్లు నా వంక చూసి కణత దగ్గర వేలు తిప్పి సైగ చేసేవాళ్లు. "మీ చీర సక్కగ కుడుతున్నదా లేదా? గది చూస్కోన్రి" అని నేను కసిరేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. అన్నం తిని, లైనింగు తానుల మీద తల వాల్చి అక్క కునుకు తీస్తోంది. నేను కౌంటర్లో ఉన్నాను. ఆమె వేళ్లు కదిలాయి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టే. ఆ తర్వాత మొహమంతా నెమ్మదించింది. పెదాలు కదులుతున్నాయి. అప్పుడే హిమాయత్‌నగర్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఆరు చీరలు పట్టుకొని గలగలమంటూ మెట్లెక్కారు. నేను ఉరికి పోయి చేతులడ్డం పెట్టాను. "జర సప్పుడు జెయ్యకున్రి, మీకు దండం పెడ్త" అన్నాను. వాళ్లు మూతి ముడుచుకొని వెళ్లిపోయారు. పోనీ అనుకున్నాను. పద్నాలుగేళ్లలో గిరాకీని నేను పొమ్మన్నది ఆ ఒక్కసారే.

అక్క కళ్లు తెరిచి చాలాసేపు కదల్లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"దారం ఒక్కసారికే ఎక్కింది బెత్సీ. కల అని తెలిసిపోయింది. పక్కకి చూస్తే ఉంది. అడిగాను."

"ఏమన్నది?"

"ఇద్దరం రైల్లో పోతున్నామట. పెట్టె అంతా ఖాళీ. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చిందట. అదీ కల. మంచి కలే బెత్సీ! నేను వినకపోయినా ఏం కాలేదు."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని ఏడ్చాం. ఆ సాయంత్రం ఆమె మల్లెపూలు కొని నాకు పెట్టింది. పది రోజులు ఆమె ముద్ద మింగడం, నవ్వడం చూశాను. నేను నమ్మానా అని అడగకండి. నమ్మాలనిపించింది.

మళ్లీ అడగకుండా ఉండాల్సింది. కానీ తల్లి కదా, ఇంకోసారి వినాలనిపించింది. రెండోసారి అడిగితే రైలు లేదు, పరీక్ష హాలు ఉంది. అన్నీ వచ్చిన ప్రశ్నలేనట. అక్క కొంచెం తడబడింది గాని సర్దుకుంది. మూడోసారి పిల్ల ఒక చీర కట్టుకున్నట్టు కల చెప్పింది. చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు.

ఆ పొద్దున అక్క షాపుకొచ్చి మిషను మీద గుడ్డ కూడా తీయలేదు.

"ఆ చీర మొన్న నేను ఫాల్ కుట్టింది బెత్సీ. లక్డీకాపూల్ టీచరమ్మది. పిల్ల పోయి రెండేళ్లు కావస్తోంది. దానికెట్లా తెలుస్తుంది? రైలు కూడా అంతే. నాంపల్లి స్టేషన్ కూతలు రోజూ వినేది నేను. అది చెప్పట్లేదు. దాని నోటితో నేనే చెప్పుకుంటున్నాను. నా దగ్గర లేనిది అదెక్కణ్నుంచి తెస్తుంది?"

అప్పుడు నేనొక పని చేశాను. ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని, నిలబడి అబద్ధమాడాను. "అక్కా, ఇన్నొద్దులు నీకు జెప్పలే. ఆ రోజు పొద్దుగాల సంహిత ఇటుకెల్లే పోయింది. నాకు జెప్పింది కల. మంచిదే. మస్తు నవ్వుకుంట జెప్పింది."

అక్క నా మొహం చూసింది. కోపం లేదు. నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు నువ్వు మెదక్‌లో ఉన్నావమ్మా, మీ ఆడబిడ్డ పెళ్లిలో. ఫోన్ చేస్తే పెళ్లిబట్టలతోనే పరిగెత్తుకొచ్చావు."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ కల ఇక ఎవరికీ తెలియదు. అది నాకూ అర్థమైంది, ఆమెకీ అర్థమైంది.

ఇక ఇదంతా మానేస్తుందనుకున్నాను. డైరీ రాయడం మానేసింది. కానీ సూది దగ్గర ఆగి "నిజమే" అనడం మానలేదు. మొన్న గిరాకీ లేని వేళ, టీ తాగుతూ అడిగేశాను.

"ఇంకెందుకక్కా? అవన్నీ నువ్వు అల్లుకున్నవేనని నువ్వే అంటివి గద."

"ఔను. అయినా వస్తుంది. వారానికొకసారో, రెండుసార్లో. వచ్చి, 'అమ్మా, నాకో కలొచ్చింది' అంటుంది."

"నువ్వేమంటవ్?"

"చెప్పమ్మా అంటాను. కూర్చుని చెప్తుంది, ఒక్కోసారి ఒక్కోటి. నాకు మధ్యలో ఏడుపొస్తుంది. ఏడిస్తే మెలకువ వచ్చేస్తుంది, పిల్ల మాట సగంలో తెగిపోతుంది. అందుకని ఏడవకుండా చివరిదాకా వింటాను బెత్సీ. ఆ రోజు వినలేదు కదా."