సిలబస్ లేని మూడు వారాలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఈ లోకంలో ఎవరూ ఏదీ ఊరికే చెయ్యరు. ఇది నా సొంత నమ్మకం కాదు, మా నాన్న దగ్గర్నుంచి సంక్రమించిన ఆస్తి. పాలకొల్లు సంతలో వంకాయలు కొన్నా ఒకటి విరిచి చూస్తేగానీ సంచిలో వేయించుకోని మనిషి ఆయన. అలాంటి ఇంట్లో పుట్టి, గైడ్ల మధ్యా ఇంపార్టెంట్ ప్రశ్నల మధ్యా పెరిగి, వ్యవసాయంలో డిగ్రీ పుచ్చుకున్న నన్ను ఒక సంస్థవాళ్ళు వాలంటీరుగా ఎంపిక చేశారు. ఆఫ్రికాలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న పల్లెకు వెళ్ళి రెండేళ్ళు అక్కడివాళ్ళతో కలిసి పనిచెయ్యాలి. మా అమ్మ ఈ సంగతి అప్పటికే వీధి వీధంతా చెప్పేసింది. (మా పిన్నయితే అక్కడి ఎండలకు పనికొస్తుందని గొడుగు కూడా కొనేసింది.) వెళ్ళకుండా వెనక్కి వస్తే మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకు తిరగలేను.

ముందు రాజమండ్రిలో ట్రైనింగ్. మొదటి రోజే మా ట్రైనర్ మేడమ్, "మూడు వారాలు పాఠాలేమీ ఉండవండి. అక్కడ బతకడానికి మీకేం కావాలో మీరే ఆలోచించుకోండి. ఎవరి దగ్గర నేర్చుకుంటారో మీరే వెతుక్కోండి. చివర్లో వచ్చి ఏం నేర్చుకున్నారో చెప్పండి. పంపాలో వద్దో అప్పుడు చూద్దాం" అన్నారు. మిగతా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి, "సిలబస్ ఏంటండీ?" అన్నాను. "మీరే చెప్పాలి" అన్నారావిడ. "పోనీ, పోయినేడాది ప్రశ్నపత్రాలేమైనా ఉన్నాయాండీ?" అన్నాను. ఆవిడ నవ్వారు. ఆ నవ్వుతోనే నాకు విషయం అర్థమైపోయింది. పాఠాలు లేకపోవడమే పరీక్ష! మనల్ని ఊరిమీదకి వదిలేసి, వెనకనుంచి మనుషుల్ని పెట్టి కనిపెడతారు. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి రెండుసార్లు టైమడిగాడు. అతని చేతికి వాచీ ఉంది. ఇంకేం కావాలి?

సరస్సు ఒడ్డు పల్లె కాబట్టి వల అల్లడం నేర్చుకుందామనుకున్నాను. గోదావరి ఒడ్డున ఒక మత్స్యకారుల పేటలో సరంగు తాతగారని ఉన్నారని తెలిసింది. ఒకప్పుడు లాంచీ నడిపినాయన, వల పనిలో ఆయన తర్వాతే ఎవరైనా అన్నారు. అయితే మన వంశంలో గురువునైనా విరిచి చూడకుండా సంచిలో వేసుకోం కదా! పేట మొదట్లో టీకొట్టు దగ్గర ఆగి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, నోటుబుక్కు తీసి, "తాతగారు ఎలాంటి మనిషండీ? ఇంట్లో ఎంతమంది ఉంటారు? తాగుడూ, కోపతాపాలూ ఏమైనా..." అని మర్యాదగా ఆరా తీశాను. టీకొట్టావిడ నన్ను ఎగాదిగా చూసి, మొహం ఇంత చేసుకుని, "బంగారంలాంటి మనుషులండీ! ఆ ఇంట్లోంచి గట్టిగా మాట వినపడదండి" అంది. టీ డబ్బులిస్తే వద్దంటే వద్దంది. నేను నోటుబుక్కులో 'ఎందుకు వద్దంది?' అని రాసుకున్నాను.

తాతగారింట్లో అంతకన్నా విచిత్రం. నేను వెళ్ళేసరికే పక్కింటి నుంచి కుర్చీ వచ్చింది. దాని మీద తువ్వాలు పరిచారు. చింతచిగురు రొయ్యలు ఒకరోజు, కొర్రమేను పులుసు ఇంకోరోజు. వల జోలికి మాత్రం పోనివ్వరు. దారం చుట్టిన వెదురు సూది అందుకోబోతే, "అయ్యయ్యో, తమరు ముట్టుకోకూడదండి, చేతులు కోసుకుపోతాయి" అని తాతగారు వెనక్కి లాక్కునేవారు. మామ్మగారు తలుపు చాటునుంచి, "ఇంకొంచెం వేసుకోండి బాబుగారూ" అనేవారు. పది రోజులు తిన్నాను. ఒక్క ముడి కూడా నేర్చుకోలేదు. ఇదంతా మేడమ్ ఫోన్ చేసి ఆడిస్తున్న నాటకమని తేల్చుకున్నాను. నేర్పకుండా ఏడిపిస్తే వీడికి కోపం వస్తుందా రాదా అని చూస్తున్నారన్నమాట. సరే చూడండి అని, నవ్వు మొహం పెట్టుకుని ఇంకో ముక్క వేయించుకునేవాణ్ణి. రాత్రి గదికొచ్చి మాత్రం నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిరగేసేవాణ్ణి. రోజులు అయిపోతున్నాయి, చెప్పడానికి నా దగ్గర పులుసు తప్ప ఏమీ లేదు.

పదకొండో రోజున తాతగారి మనవరాలు వచ్చి ఎదురుగా నిలబడింది. రాజమండ్రిలో నర్సింగ్ చదువుతున్న పిల్ల, భయమన్నది లేదు.

"ఏవండీ, పది రోజులుగా వస్తున్నారు, తింటున్నారు, రాసుకుంటున్నారు. మీవాళ్ళు ఔనంటారా, కాదంటారా?"

"అదంతా మా మేడమ్ చేతిలో ఉందండి" అన్నాను.

"మేడమ్ అంటే అబ్బాయి వాళ్ళమ్మగారా?"

"ఏ అబ్బాయండీ?"

తాతగారి చేతిలో వల ఆగిపోయింది. అప్పుడు బయటపడింది సంగతి. ఆ పిల్లకి నరసాపురం వైపు సంబంధమొకటి మాటల్లో ఉందట. మా వైపు సంబంధం కలుపుకునే ముందు మగపెళ్ళివారు ఎవరో కొత్త మనిషిని పంపి చుట్టుపక్కల వాకబు చేయిస్తారు. ఇస్త్రీ చొక్కా, నోటుబుక్కు, తాగుడు గురించి ఆరా... పేటంతా నన్ను ఆ మనిషే అనుకుంది. వాళ్ళు నన్ను పరీక్షిస్తున్నారని నేననుకున్నాను, నేను వాళ్ళని పరీక్షిస్తున్నానని వాళ్ళనుకున్నారు. అందరం పది రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మంచిగా ఉన్నాం.

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. వల నేర్చుకోడానికొచ్చానని నత్తినత్తిగా చెప్పాను. తాతగారు వల పక్కన పెట్టారు. "పది రోజుల్నుంచీ మా ఆవిడ నన్నొక్క మాటనలేదు, నువ్వు వింటావని. ఇవాళ్టినుంచి మొత్తం కలిపి చీవాట్లు పెడుతుంది" అన్నారు. తర్వాత మెడ మీది కండువా దులిపి, "వల కోసం వచ్చావా? అయితే దిగు ముందు ఆ కుర్చీ" అన్నారు.

నేల మీద కూర్చున్నాను. ఆ మిగిలిన రోజుల్లో నేను తిన్న తిట్లు జన్మలో తినలేదు. "ఆ ముడి చూసి చేప నవ్వుద్దిరా!" అనేవారు. వేళ్ళు నిజంగానే కోసుకుపోయాయి. మామ్మగారు ఇప్పుడు బాబుగారూ అనడం మానేసి, చద్దన్నం గిన్నె ముందు పెట్టి, "తిని చావు" అనేవారు. ఆ ఇంట్లోంచి గట్టిగా మాటలు కూడా మొదలయ్యాయి, సగం నామీదే.

చివరి రోజు మేడమ్ ముందు జానెడు వంకర వల పెట్టి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "అక్కడికెళ్ళాక మొట్టమొదట ఏం చేస్తారు?" అనడిగారు. "నేనెవరో, ఎందుకొచ్చానో చెబుతానండి" అన్నాను. "వెళ్ళిరండి" అన్నారు. ఉండబట్టలేక, "మీరు వెనక ఎవర్ని పెట్టారండీ?" అని అడిగాను. ఆవిడ తెల్లబోయి, అసలు ఆ పేట ఎక్కడుందో కూడా తనకి తెలీదన్నారు. ఆ మూడు వారాలూ నన్ను ఎవరూ చూడలేదు. నన్ను అంతగా కనిపెట్టుకుని ఉన్నది నేనొక్కణ్ణే.

ప్రయాణానికి ముందు చెప్పిరావడానికి వెళితే తాతగారు, "అక్కడెవరైనా అన్నం పెడితే, ఎందుకు పెడుతున్నారో ముందు అడిగి తిను" అన్నారు. నేను దాన్ని పాఠంలాగే పట్టుకెళ్ళాను. ఆ పల్లెలో ఎవరు అన్నం పెట్టినా వచ్చీరాని భాషలో ఎందుకని అడిగేవాణ్ణి. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వేవారు. నువ్వొచ్చావు కాబట్టి, అనేవారు. అది సరైన కారణమేనని నమ్మడానికి నాకు ఏడాది పట్టింది. కంచం ముందు పెట్టుకుని కారణం కోసం ఎదురుచూసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఎన్ని పూటలు చల్లారిన కూడు తిన్నాడో, పాపం.