సారవ్వ నిలబడిన నలభై ముగ్గురు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి. అయిదు కొట్టేసరికి సారవ్వ తమ క్వార్టర్ల లైనులో తలుపులు కొట్టుకుంటూ పోయేది. ఎవరూ చెప్పిన పని కాదు. భర్త పోశం బతికి ఉండగా అతన్ని లేపడానికి లేచేది, పనిలో పనిగా పక్కవాళ్ళనూ లేపేది. పోశం గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. అతని బదులు ఆమెకు గని ఆఫీసు ఊడ్చే పని ఇచ్చారు. తలుపులు కొట్టడం మాత్రం మానలేదు. "మొగోడు పోయిండు గని, నా చెయ్యి పోలేదు గద," అనేది.

ఆ రోజుల్లో నేను ఆ ఊరి కోర్టులో గుమాస్తాను. మంథని నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ణి. 2001లో ఆమెను మొదటిసారి చూసింది జామీనుదారుగానే. బెయిలు మంజూరైనా ఇద్దరు జామీనుదారులు వచ్చి సంతకం పెడితే తప్ప మనిషి జైలు దాటి బయటికి రాడు. జామీనుకు ఏదో ఒక ఆధారం చూపాలి. పొలం పాసుబుక్కో, ఇంటిపన్ను రసీదో, బొగ్గు కంపెనీ పర్మినెంటు ఉద్యోగి పే స్లిప్పో. రైల్వే సైడింగు దగ్గర బొగ్గు ఏరుకుని పట్టుబడ్డ ఆడవాళ్ళకూ, కల్లు కాంపౌండులో కొట్టుకున్నవాళ్ళకూ అవి ఎక్కడివి? సారవ్వకు పే స్లిప్పు ఉంది. అడిగినవాళ్ళకల్లా నిలబడింది. పైసా తీసుకోలేదు. వాయిదా ఉన్న రోజు పొద్దున వాళ్ళ తలుపు కూడా కొట్టేది. దూరమైతే ముందురోజు సాయంత్రం ఆటో ఎక్కి వెళ్ళి చెప్పి వచ్చేది.

"నా జీతం నీ నెత్తి మీద పెట్టిన బిడ్డా. మర్చిపోయిన అంటే ఊకోను," అని బెదిరించేది. అంతే, వచ్చేవారు.

2010లో కొత్త మెజిస్ట్రేటు వచ్చారు. చెడ్డమనిషి కాదు. కోర్టు గేటు ఎదుటి హోటల్లో కూర్చుని జామీన్లు అమ్మే బ్రోకర్లను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. మండవలసిందే. వాళ్ళు తెచ్చే పాసుబుక్కుల్లోని పొలాలు సగం ఓపెన్‌కాస్టు గని గుంతలో కలిసిపోయినవి. పొలం లేదు, పుస్తకం ఉంది. ఆ పుస్తకాన్ని మేము ఏళ్ళ తరబడి ముద్ర వేసి ఒప్పుకున్నాం. ఎక్కువసార్లు జామీను నిలబడినవాళ్ళ జాబితా తయారు చేయమని ఆయన నాకు చెప్పారు.

చేశాను. బ్రోకర్లు తెలివైనవాళ్ళు, మనిషిని రెండుసార్లకు మించి వాడరు. అందుకని జాబితాలో మొదట నిలిచిన పేరు సారవ్వ. ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ దాన్ని గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చాను.

ఆ నవంబరులోనే మొగిలిని పట్టుకున్నారు. గనిలో రాగి కేబులు ముక్క ఎవరో కోసుకుపోయారు, ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఇతనొకడు. మొగిలి బదిలీ వర్కరు. అంటే ఎవరైనా రాకపోతే ఆ చోట దిగేవాడు. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే అన్ని రోజుల హాజరీ పడితే పర్మినెంటు. అంతకు ముందటి ఏడాది కాలు విరిగి తక్కువ పడ్డాయి. ఈసారీ తక్కువైతే పేరు కొట్టేస్తారు. పట్టుకున్న రోజుకు నూట అరవై ఎనిమిది పడ్డాయి. ఇరవై రెండు కావాలి. డిసెంబరు ముప్పై ఒకటి గడువు.

అయిదో రోజున బెయిలు ఇచ్చారు, ఇద్దరు జామీనుదారులతో. మొగిలి అన్న వచ్చాడు. వాళ్ళది కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊరు. ఇంటిపన్ను రసీదు అడిగితే, "ఇల్లే లేదు సారూ, పన్ను దేనికి కట్టాలె?" అన్నాడు. పనికిరాదన్నాం. పోయిన పొలానికి పాసుబుక్కు చెల్లింది, పోయిన ఊరి మనిషి చెల్లలేదు. గని దోస్తులు రాలేదు. కంపెనీ కేబులు కేసులో నిలబడితే కంపెనీ కంట్లో పడతామని వాళ్ళ భయం. బ్రోకరు అడిగినంత మొగిలి భార్య దీప ఇచ్చుకోలేదు. ఇక వచ్చింది సారవ్వ. ఆమె ఒప్పుకుంటే రెండోవాణ్ణి ఎవరినైనా బతిమాలి తేవచ్చని దీప ఆశ.

"ఇప్పటికి ఎంతమందికి జామీను ఇచ్చావు?" అని మెజిస్ట్రేటు అడిగారు.

"లెక్కవెట్టలే సారూ. అడిగినోళ్ళకు ఇచ్చిన."

"ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకుంటావు?"

"కొందరు చాయ్ తాగిపిచ్చిండ్రు. ఒకామె ఆనిగెపుకాయ ఇచ్చింది."

ప్లీడర్లు నవ్వారు. నేనూ తల దించుకుని నవ్వాను.

"ఈ మొగిలి నీకేమవుతాడు?"

"ఏం గాడు. మా పక్క లైన్ల ఉంటడు. పొద్దుగాల నేనే లేపుత."

"ఏమీ కానివాడికి నువ్వెందుకు వచ్చావు?"

"అయినోళ్ళు భయపడి వస్తలేరు గద సారూ."

"పారిపోతే?"

"యాడికి వోతడు? ఇరవై రెండు మస్టర్లు తక్కువున్నయి. ఇడిసిపెట్టుండ్రి, సక్కగ గని కాడికే ఉరుకుతడు." ఆమె నా వైపు చూసింది. "నేను నిలబడ్డోళ్ళల్ల ఎవడన్న తప్పిండా? కాయితాలు మీ తాన్నే ఉన్నయి. చూడుండ్రి."

చూడలేదు. వృత్తి జామీనుదారు అని రాసి తిరస్కరించారు. మళ్ళీ కనబడితే కేసు పెడతామన్నారు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది, ఊడ్చే పని మధ్యలో వచ్చినట్టు.

ఆమె అడిగింది చిన్న మాట. నేను రికార్డు రూములో కూర్చుని చూశాను, రెండు వారాలు పట్టింది. తొమ్మిదేళ్ళలో ఆమె నిలబడింది నలభై ముగ్గురికి. వాళ్ళకు మొత్తం ఆరు వందల పన్నెండు వాయిదాలు. రానివి అయిదు. మూడింట్లో మనిషి దవాఖానలో ఉన్నాడు, రెండింట్లో మరునాడు వచ్చాడు. పాసుబుక్కులతో విడుదలైనవాళ్ళనూ అదే సంవత్సరాల్లోంచి నలభై ముగ్గురినే తీసి చూశాను. పద్నాలుగు మంది మీద వారంట్లు. మనిషిని కోర్టుకు రప్పించేది పొలం కాదు, పొద్దున తలుపు కొట్టే చెయ్యి. ఒక్క కాగితం మీద రాసి మెజిస్ట్రేటు బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. "మీరు గుమాస్తాగానే ఉండండి అనంతకృష్ణ గారూ. ప్లీడరు కావద్దు," అని కాగితాన్ని ఫైళ్ళ కింద పెట్టారు. నేను గుమాస్తాగానే ఉన్నాను.

డిసెంబరు ఆరున దీప వచ్చింది, చేతిలో కంపెనీ ఇచ్చిన క్యాలెండరు చుట్టుకుని. విప్పి నా ముందు పరిచింది.

"ఆదివారాలు తీసిన, కిస్మస్ తీసిన. ఇయ్యాల దిగితేనే ఇరవై రెండు అయితయి. రేపు దిగితే కావు." గడియారం చూసింది. మొదటి షిఫ్టు ఎప్పుడో దిగిపోయింది, రెండోది మధ్యాహ్నం మూడింటికి. మూడు దాటేదాకా కోర్టు వరండాలో కూర్చుని, క్యాలెండరు అక్కడే వదిలి వెళ్ళింది.

దీప మేనమామ గోలేటిలో ఉంటాడు, అతనూ కంపెనీ మనిషే. కాళ్ళు పట్టుకోగా పట్టుకోగా మరొకతన్ని వెంటబెట్టుకుని వచ్చి జనవరి నాలుగున విడిపించాడు. మొగిలి పేరు అప్పటికే కొట్టేశారు.

కేసు రెండున్నరేళ్ళు నడిచింది. మొగిలి కాంట్రాక్టరు దగ్గర కూలికి పోతూ ఇరవై ఆరు వాయిదాలకూ వచ్చాడు. కోర్టు వద్దన్నా సారవ్వ అతని తలుపు కొట్టింది. మొగిలి దగ్గర కేబులు దొరికిందని సంతకం పెట్టిన సాక్షి పదకొండుసార్లు రాలేదు. ఆ పదకొండుసార్లూ "సాక్షి గైర్హాజరు, వాయిదా" అని రాసింది నేనే. చివరికి 2013లో సాక్ష్యం లేదని కొట్టేశారు.

ఆ రోజు వరండాలో సారవ్వ నన్ను ఆపింది.

"పంతులూ, ఒక్క మాట. గా సాక్షికి జామీను ఎవరున్నరు?"

"సాక్షికి జామీను ఉండదు సారవ్వా."

"అట్లనా. రానోనికి ఉండది, వచ్చేటోనికి గావాలె." మొగిలి వైపు తిరిగి, "నడువు తమ్మీ, పంతులు మంచోడే. మంచిగ రాస్తడు," అంది.

తర్వాత వచ్చిన మెజిస్ట్రేటు ఫైళ్ళు సర్దుతుంటే నా కాగితం దొరికింది. చిన్న కేసుల్లో జామీనుదారులను అడగడం తగ్గించి, సొంత పూచీ మీదే వదిలారు. వాయిదాకు ముందురోజు అటెండరు ఫోన్ చేసి గుర్తుచేస్తాడు. గైర్హాజరీ తగ్గిందని పై కోర్టుకు నివేదిక వెళ్ళింది. అదీ నేనే రాశాను. అందులో సారవ్వ పేరు రాస్తే ఆయన, వ్యక్తుల పేర్లు ఎందుకని కొట్టేశారు. ఆమెను తిరస్కరించిన ఉత్తర్వులో మాత్రం ఆమె పేరు, భర్త పేరు, ఇంటి నంబరుతో సహా ఇప్పటికీ ఉన్నాయి.

తెలంగాణ వచ్చిన ఏడు నేను రిటైరయ్యాను. వెళ్ళేముందు ఒక పొద్దున ఆమె లైనుకు వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. సారవ్వ తలుపులు కొట్టుకుంటూ వస్తోంది. పక్క లైనులో మొగిలి ఇంటి ముందు ఆగింది. చెయ్యి ఎత్తి, దించేసింది.

"కాంట్రాక్టు పని ఎనిమిదింటికి. పండనీ," అని, నా వైపు చూడకుండానే తర్వాతి తలుపుకు నడిచింది.