గాజు జాడీలో గంట

నా చిన్నప్పుడు మా ఊరు జిగణిలో నేను చదివిన బడిలో సైన్సు సామాను మొత్తం ఒక అద్దాల బీరువాలో ఉండేది. కప్పీలు, అయస్కాంతాలు, గాలి లాగేసే చేతిపంపు, దాని పక్కన పెద్ద గాజు జాడీ. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. ఏడాదికొక్కసారి ఆయుధపూజ నాడు వాటిని బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి మళ్ళీ లోపల పెట్టేసేవారు. ఊళ్ళో లేతు మిషన్లకీ, లారీలకీ ఇదే పూజ. కాకపోతే మర్నాటి నుంచి అవి పనిచేసేవి.

తొమ్మిదో తరగతి పరీక్షలో, శబ్దం ప్రయాణించడానికి గాలి కావాలని చూపే ప్రయోగం రాయమన్నారు. జాడీలో గాలి తీసేస్తే లోపలి గంట వినబడదని పుస్తకంలో ఉంది. నాకు కంఠతా వచ్చు. అయినా ఒళ్ళు మండి, 'జాడీ బీరువాలో ఉంది, నేను వినలేదు, కాబట్టి రాయను' అని రాశాను. సైన్సు మేడమ్ సున్నా వేశారు. హెడ్మాస్టరుకి మాత్రం కోపం నషాళానికంటింది. ఆయుధపూజ లోపల క్షమాపణ రాసివ్వకపోతే టీసీ చేతిలో పెడతానన్నారు. పది రోజులు వరండాలో నిలబడ్డాను. ఇంట్లో అమ్మ ఏడుపు. బడి మాన్పించి బట్టలు కుట్టే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పంపేస్తారేమోనని నాకూ భయమే, కానీ భయం కన్నా పొగరు ఎక్కువ.

పూజ రోజు హారతి అయ్యాక, సామాను మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి హెడ్మాస్టరు తాళంచెవి తీశారు. మేడమ్ వెళ్ళి జాడీ చేతిలోకి తీసుకున్నారు. ఆవిడది దగ్గర్లోని ఆనేకల్, నేతవాళ్ళ ఇల్లు.

"పూజలో ఉండేవాటిని ఈ పొద్దు ముట్టుకోకూడదమ్మా," అన్నారు హెడ్మాస్టరు.

"మా నాయన కూడా మగ్గానికి పూజ చేస్తాడు సార్. నేసే మగ్గం అది. ఇవి ఏడాదంతా నిదరపోతానే ఉండాయి. ఈ పొద్దన్నా పని చేయనీండి."

జాడీలో కరెంటు గంట పెట్టి, పంపు పిడి నా చేతికిచ్చారు. చెయ్యంతా కుంకుమ అయింది. రెక్కలు పడిపోయేదాకా కొట్టాను. గంట చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది, కానీ ఆగలేదు. ఏళ్ళ తరబడి వాడకపోతే పంపు రబ్బరు ఎండిపోదూ! ఇప్పుడన్నా పుస్తకంలో ఉన్నది రాయమని హెడ్మాస్టరు నవ్వారు.

"నువ్వేం విన్నావో అది రాయి పాపా," అన్నారు మేడమ్.

చప్పుడు బాగా తగ్గింది, ఆగలేదు, రబ్బరు పాడైంది అని రాశాను. ఆవిడ అక్కడే మార్కులు వేసి, కింద సంతకం చేశారు. అందరి ముందూ జరిగింది కాబట్టి టీసీ మాట మళ్ళీ రాలేదు. మేడమ్‌ది ఏ ఏటికాయేడు ఇచ్చే ఉద్యోగం; మరుసటి ఏడాది ఆవిడని మాత్రం మళ్ళీ తీసుకోలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. ఎవరికి తెలియదు గనక!

ఇప్పుడు నేను ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పనిలో ఉన్నాను. తొందరగా ఉంది, చూడకపోయినా చూసినట్టు సంతకం పెట్టెయ్యమంటారు పైవాళ్ళు. పెట్టను. అందుకు ఒకచోట ఉద్యోగం పోయింది కూడా. నా కోసం ఆవిడ పోగొట్టుకున్నదాని ముందు అదెంత?