పడిపోయినవాళ్ళ బొమ్మలు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, కొత్త కోడల్ని వంట వచ్చా, కుట్టు వచ్చా అని అడిగేవారు గానీ శవాలు చేయడం వచ్చా అని ఎవరూ అడిగేవారు కాదు. నన్ను అడిగారు. మావారు బాపట్ల కాలేజీలో చరిత్ర చెప్పేవారు, కాపురం తెనాలిలో. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన స్నేహితుడు రేపల్లె బండి దిగేవాడు (లెక్కల మాస్టారు, నాకు ‘రేపల్లె అన్నయ్య’). ఇద్దరూ భోజనాల బల్ల మీద అంగుళమంత మట్టి సిపాయిల్ని బారులు తీర్చి, పాచికలు వేస్తూ బొబ్బిలి యుద్ధం చేసేవారు. చచ్చినవాణ్ణి తీసేసి ఆ చోట పడిపోయిన మనిషి బొమ్మ పెట్టాలి, ఏ దళంలో ఎందరు పోయారో చూడగానే తెలియడానికి. ఆ బొమ్మలు చేసే ఉద్యోగం నాది.

మైదాపిండితో చేసి ఎండబెట్టేదాన్ని. నా చేతిలో ప్రతివాడూ తలకింద చెయ్యి పెట్టుకునే చచ్చేవాడు. “వీళ్ళు పోయారా, భోంచేసి పడుకున్నారా?” అనేవారు మావారు. ఒకసారి ఫ్రెంచి సిపాయినొకణ్ణి చీమలు ఈడ్చుకుపోతుంటే అన్నయ్య లేచి నిలబడి, “అదృష్టవంతుడు చెల్లెమ్మా, మోయడానికి నలుగురున్నారు” అన్నాడు.

నాకు నాలుగో నెల వచ్చింది. నన్ను చూసుకోవడానికి సంగం జాగర్లమూడి నుంచి అత్తయ్య వచ్చారు. ఎండలో ఆరుతున్నవి చూసి “ఏంటివి, వడియాలా?” అన్నారు. చెప్పాను. ఆవిడ అక్కడే చతికిలబడి, “కడుపుతో ఉన్న పిల్లచేత శవాలు చేయిస్తార్రా? బుద్ధుందా?” అని కొడుకు మీద కేకలేశారు.

“ఉత్త పిండేనండి అత్తయ్యా” అని నవ్వాను.

ఐదో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్లని నర్సు చెప్పింది.

అత్తయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదేమో. మావారు నా పిండిబొమ్మల్ని పారేసి, సిపాయిల్ని అటకెక్కించారు. అన్నయ్య రావడం మానేశాడు. ఆ బల్ల దగ్గరే ముగ్గురం తలలొంచుకుని అన్నం తినేవాళ్ళం.

ఒక ఆదివారం అత్తయ్య చర్చి నుంచి ఇంటికి రాలేదు. మేం కంగారుపడుతుంటే సాయంత్రం దిగారు, వెనకాల అన్నయ్య. ఒక్కరే రేపల్లె బండెక్కి వెళ్ళి పట్టుకొచ్చారట! “నా నోటిమాటకి మీరంతా మాటలు మానేశారు. పిండికీ పసిబిడ్డకీ సంబంధం ఏంటి నాయనా? దించండి ఆ సిపాయిల్ని” అన్నారు.

ఆట మొదలైంది. మొదటివాడు పడ్డాడు. ఆ చోట పెట్టడానికేమీ లేదు. మగవాళ్ళిద్దరూ నావైపు చూడకుండా కూర్చున్నారు. అత్తయ్య లోపలికెళ్ళి పిండి కలిపి తెచ్చి, నా పక్కన కూర్చుని, “ఎలాగో చూపించమ్మాయ్” అన్నారు. ఆవిడ చేసినవాడికి ఇంత బొజ్జ వచ్చింది. “వీడు బాగా తిన్నాడండి అత్తయ్యా” అని నవ్వబోయి, భోరుమన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఏడవడం అదే మొదలు. పిండిచేతులతోనే ఆవిడ నా తల పొదువుకున్నారు.

ఆ రోజు ఎవరు గెలిచారో గుర్తులేదు. మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి, జుట్టులో ఎండిపోయిన పిండి ఏరుకుంటూ, నవ్వచ్చో కూడదో తేల్చుకోలేక తికమకపడ్డ ఆ పిల్ల మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది. నవ్వెయ్యవే పిచ్చిదానా, ఎవరూ ఏమీ అనుకోరు, అని దానికి చెప్పాలనిపిస్తుంది.